పిలుపు మనది, నడక దానిది

పిలిస్తే వచ్చేలా కుక్కకు ఎలా నేర్పాలో చెప్పే పుస్తకాల్లో, వీడియోల్లో కనిపించే కుక్క దాదాపు ఎప్పుడూ పడుచుదే. పచ్చిక మీద ఎక్కడో దూరం నుంచి చెవులు వెనక్కి వాల్చుకుని దూసుకొస్తుంది. శిక్షకులు రీకాల్ అనే ఈ పాఠంలో అక్కడున్న చిక్కు ఒక్కటే: ఉడతనో పిల్లినో తరమడం మాన్పించి వెనక్కి రప్పించడం ఎలా? మన అపార్టుమెంట్లలో పన్నెండేళ్ల లాబ్రడార్‌ది ఆ చిక్కు కాదు. అది దేన్నీ తరమడం లేదు. హాల్లో పడుకుని ఉంది. పిలిస్తే తల ఎత్తి చూస్తుంది, మళ్లీ ముందుకాళ్ల మీద దించేస్తుంది. చెవుడు వచ్చిందని ఒకరు, మొండికేసిందని ఇంకొకరు, ముసలిదైపోయింది వదిలేయండని మరొకరు తలా ఒక తీర్పు ఇచ్చేస్తారు.

ఈ మూడు తీర్పుల్లో ఏది సరైనదో తేల్చడానికి కావలసిన సమాచారం గత పాతికేళ్లలో బాగానే పోగైంది. కాకపోతే ఒకచోట లేదు. చెవి సంగతి ఒక శాఖ చూసింది, కీళ్ల సంగతి ఇంకొకటి, మెదడు సంగతి వేరొకటి. శిక్షణ పద్ధతుల తగువు ఎక్కడో విడిగా నడుస్తోంది. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక మాట తేలుతుంది. పిలిస్తే రావడం కుక్క వైపు నుంచి ఒక బేరం. వస్తే దొరికేది ఒక పక్క, రావడానికి పడే కష్టం ఇంకో పక్క. పడుచు కుక్కకు కష్టం దాదాపు సున్నా, అందుకే దాని శిక్షణంతా దొరికేదాన్ని పెంచడం మీదే నడుస్తుంది. ముసలి కుక్క దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. దానికి మళ్లీ నేర్పాలంటే ముందు రావడానికయ్యే ఖర్చు తగ్గించాలి, జీతం పెంచడం ఆ తర్వాత. ఈ వరుస తప్పితే ఎంత మంచి పద్ధతైనా బెడిసికొడుతుంది.

వినబడిందా, కనబడిందా

ముందు చెవి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు శబ్దానికి మెదడులో పుట్టే విద్యుత్ స్పందనను కొలిచి, 2008లో ఫలితాలు ప్రచురించారు. వాటి ప్రకారం కుక్కల్లో వయసుతో వచ్చే వినికిడి లోపం ఎనిమిది, పదేళ్ల మధ్య మొదలవుతుంది. అన్ని శబ్దాలూ ఒకేసారి పోవు. ముఖ్యంగా 8 నుంచి 32 కిలోహెర్ట్జ్ దాకా ఉండే సన్నని, కీచు శబ్దాలకు దెబ్బ ఎక్కువ. 19వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ గాల్టన్ కనిపెట్టిన ఈల, అంటే మనకు వినబడకుండా కుక్కకు మాత్రం వినబడేది, ముసలి కుక్క దగ్గర ముందుగా ఓడిపోయేది ఇందుకే. చప్పట్లు, లోతైన గొంతు ఇంకొంతకాలం అందుతాయి.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. కుక్క మేలుకుని అటు తిరిగి ఉన్నప్పుడు, దానికి కనబడకుండా వెనక నుంచి మెల్లగా పిలిచి చెవి కదలిందా చూడాలి. నేల మీద అడుగుల అదురు, ఫ్యాన్ గాలిలో మన వాసన దానికి చేరకూడదు, చేరితే పరీక్ష చెల్లదు. ఇంకో పరీక్షను మన ఇళ్లు రోజూ తెలియకుండానే పెడుతున్నాయి. స్టీలు గిన్నె మీద గరిటె మోగితే లేచి వచ్చే కుక్క పేరు పెట్టి పిలిస్తే రాకపోతే, దానికి చెవీ కాలూ ఎంతో కొంత పనిచేస్తున్నట్టే. పిలుపే విలువ పోగొట్టుకుంది. గిన్నె మోతకూ రాకపోతే అప్పుడు శిక్షకుడి కన్నా ముందు డాక్టరు అవసరం.

ఇక కన్ను. ఆరేడేళ్లు దాటిన కుక్కల కంటిపాప నీలిబూడిద రంగుకు తిరగడం చూసి శుక్లాలని కంగారు పడతారు. చాలాసార్లు అది కటకం వయసుతో గట్టిపడటమే, చూపును పెద్దగా తగ్గించదు. అసలు శుక్లమేదో డాక్టరు పరికరంతో చూసి చెప్పాలి. శిక్షణకు పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. కుక్క కంటికి కదలని వస్తువు కన్నా కదిలేది ఎంతో దూరం నుంచి పట్టుబడుతుంది. రంగుల్లో దానికి నీలం, పసుపు తెలుస్తాయి, ఎరుపు, ఆకుపచ్చ కలిసిపోతాయి. గుమ్మంలో కదలకుండా నిలబడి పదిసార్లు పేరు అరిచే మనిషి దానికి గోడలో భాగంగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. అదే మనిషి చెయ్యి విశాలంగా ఊపితే కథ మారుతుంది.

లేవడమే అసలు బరువు

కీళ్లు నొప్పిగా ఉన్న కుక్క కుంటాలనీ మూలగాలనీ మనం అనుకుంటాం. చాలా కుక్కలు ఈ రెండూ చేయవు, చేసే పనులు ఒక్కొక్కటే మానుకుంటాయి. కారెక్కడం మానేస్తుంది, మెట్ల దగ్గర ఆగుతుంది, పిలిస్తే రాదు.

నొప్పిని పట్టుకోవాలంటే నడక కన్నా లేచే తీరు చూడాలి. ముందుకాళ్లు చాపి ఛాతీని పైకెత్తుతుంది. ఒక్క క్షణం అలాగే ఆగుతుంది. తర్వాత నడుమును ఒక్క కుదుపుతో లాగుతుంది. ఆ కుదుపులో వెనక కాళ్లు టైల్ మీద చెరో పక్కకు జారతాయి, గోళ్లు టకటక మోగుతాయి. నిలబడ్డాక బరువంతా ముందుకాళ్ల మీదికి వంచి, వెనక పాదాలు దగ్గరగా పెట్టుకుంటుంది. మొదటి నాలుగడుగులు కర్ర కాళ్లలా పడి, తర్వాత సర్దుకుంటాయి. ఇది చూసినవారికి విషయం అర్థమవుతుంది. హాల్లోంచి వంటగదికి పదడుగులే ఉండవచ్చు, కానీ ఆ కుక్క భరించే ఖర్చులో పెద్ద భాగం ఆ పదడుగుల్లో లేదు, లేవడంలో ఉంది.

బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్ బృందం 2020లో రాసిన సమీక్ష ప్రవర్తన సమస్యలకూ నొప్పికీ ఉన్న లంకెను లెక్కగట్టింది. ప్రవర్తన నిపుణుల దగ్గరికి పంపిన పెంపుడు జంతువుల్లో తక్కువలో తక్కువ మూడోవంతు కేసుల వెనక ఏదో ఒక నొప్పి ఉందని, కొందరు వైద్యుల దగ్గర ఆ వాటా 80 శాతం దాకా వెళ్లిందని చెప్పింది. శిక్షణ మొదలుపెట్టే ముందు వైద్య పరీక్ష చేయించమనడం మర్యాదకు చెప్పే మాట కాదన్నమాట.

ఆ పరీక్షలో మన ప్రాంతానికి సొంతమైన అనుమానితులు కొందరున్నారు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, అంటే అందరూ టిక్ ఫీవర్ అనేది, కీళ్ల వాపునూ నీరసాన్నీ తెస్తుంది. దాన్ని వయసు ఖాతాలో వేస్తే నయమయ్యే జబ్బును వదిలేసినట్టే. జర్మన్ షెపర్డ్‌లో తుంటి కీలు లోపం కావచ్చు, వెన్నుపాము క్షీణించే జబ్బు కావచ్చు, డాక్స్‌హండ్‌లో వెన్ను డిస్కు జారి ఉండవచ్చు. ఒకదానికి నడక మంచిది, ఇంకోదానికి పూర్తి విశ్రాంతి కావాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నది ఇలాంటి చిక్కుముళ్లు విప్పడానికే. ఇంట్లో మనం వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ మాత్రలు మాత్రం డాక్టరు చెప్పకుండా వేయకూడదు. మనిషి మోతాదు కుక్క పేగును, కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీయగలదు.

బరువు సంగతీ ఇక్కడే చూడాలి. అమెరికాలో 48 లాబ్రడార్లను జంటలుగా విడదీసి, జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో వచ్చిన ఫలితాల్లో సన్నగా పెరిగినవి సగటున 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి, కీళ్లవాతానికి మందులు అవసరపడటం కూడా వాటిలో ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఇప్పటికే లావై కుంటుతున్న కుక్కలకూ దారి మూసుకుపోలేదు. గ్లాస్గో పరిశోధకులు 2010లో చూపించినదాని ప్రకారం శరీర బరువులో 6 శాతం తగ్గేసరికే కుంటడం తగ్గుతుంది. 35 కిలోల కుక్కకు అది రెండు కిలోల పైచిలుకు. మధ్యాహ్నం అందరి కంచాల్లోంచి దానికి వెళ్లే అన్నం ముద్దలు ఆపితే చాలావరకు సాధ్యమే.

మెదడు మసకబారినప్పుడు

కొన్ని కుక్కలు వింటాయి, నడవగలవు, అయినా రావు. గదిలో మూలకు తిరిగి నిలబడతాయి, తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందుల వైపు నిలబడి ఎదురు చూస్తాయి, రాత్రంతా తిరిగి పగలు పడుకుంటాయి. ఇది మనుషుల్లో మతిమరుపు జబ్బును పోలిన క్షీణత. కాలిఫోర్నియాలోని డేవిస్ పశువైద్య కళాశాల 2001లో చేసిన సర్వేలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతం, 15, 16 ఏళ్ల కుక్కల్లో 68 శాతం ఇలాంటి లక్షణాల్లో కనీసం ఒకటి చూపించాయి. అమెరికాలోనే డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్ 15,019 కుక్కల యజమానుల జవాబులు పరిశీలించి 2022లో చెప్పినదేమంటే, వయసు ఒక్కో ఏడాది పెరిగేకొద్దీ ఈ జబ్బు అవకాశం 52 శాతం పెరుగుతోంది. చురుగ్గా తిరిగే కుక్కలతో పోల్చితే కదలికే లేనివాటిలో అవకాశం ఆరు రెట్ల పైమాటే.

ఈ రెండో అంకెను జాగ్రత్తగా చదవాలి. కదలకపోవడం వల్ల మెదడు మందగించిందా, మెదడు మందగించి కదలడం మానిందా, లేక కీళ్లనొప్పి రెంటికీ మూలమా అన్నది యజమానుల జవాబులు తేల్చలేవు. ఏది నిజమైనా ఒక సంగతి మారదు. నడవలేని కుక్కను మూలన పడుకోబెట్టి పలకరించడం మానేయడం దాని మెదడుకు మేలు చేయదు. ఆ లెక్కన పదడుగుల రీకాల్ సాధన విధేయత కోసం మాత్రమే కాదు, రోజుకు రెండుసార్లు దాని మెదడుకూ ఒంటికీ దొరికే పని కూడా.

మానై వంగుతుందా?

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. కుక్కల విషయంలో ఈ సామెతను వియన్నాలోని క్లెవర్ డాగ్ ల్యాబ్ శాస్త్రీయంగానే పరీక్షించింది. ఐదు నెలల నుంచి పదమూడేళ్ల దాకా వయసున్న 95 బోర్డర్ కోలీలకు టచ్‌స్క్రీన్ మీద బొమ్మలు గుర్తించడం నేర్పింది. 2016లో వచ్చిన ఫలితాల్లో ముసలి కుక్కలు నేర్చుకోవడానికి ఎక్కువ ప్రయత్నాలు తీసుకున్నాయి, తప్పును దిద్దుకోవడంలో మొండిగా ఉన్నాయి. అంతవరకూ సామెత నెగ్గింది. కానీ నేర్చుకున్నదాన్ని ఆరు నెలల తర్వాత మళ్లీ అడిగితే, గుర్తుంచుకోవడంలో పడుచువాటికీ ముసలివాటికీ తేడా కనబడలేదు. తెలిసినదాన్ని పక్కకు నెట్టి తెలియనిదాన్ని ఎంచుకునే తర్కంలోనైతే పెద్దవే మెరుగ్గా ఉన్నాయి.

టొరంటో, కాలిఫోర్నియా పరిశోధకులు ముసలి బీగిల్ కుక్కల మీద రెండేళ్లపాటు చేసి 2005లో వెలువరించిన ప్రయోగం ఇంకో అడుగు ముందుకు వేసింది. వ్యాయామం, ఆటవస్తువులు, తోడు కుక్క, రోజువారీ పాఠాలు ఒక గుంపుకు, యాంటీఆక్సిడెంట్లు కలిపిన ఆహారం ఒక గుంపుకు, రెండూ కలిపి మూడో గుంపుకు ఇచ్చారు. రెండూ అందినవి నేర్చుకునే శక్తిని అన్నిటికన్నా బాగా నిలుపుకున్నాయి.

ఈ ఫలితాలను మన హాల్లోకి తేవడంలో ఒక ఇబ్బంది ఉంది. ప్రయోగశాలలో పరీక్ష రాసిన కుక్క తెర ముందు నిలబడి ముక్కుతో తాకితే చాలు. దాని తుంటి కీలు ఆ పరీక్షలో భాగం కాదు. కాబట్టి ఇవి చెప్పేది నేర్చుకునే శక్తి గురించే, నేర్చుకున్నది చేసి చూపే ఒంటి గురించి కాదు. ముసలి కుక్కకు పాఠం ఎక్కువసార్లు చెప్పాలి, ఎక్కితే నిలుస్తుంది అన్నంత వరకు వాటిని నమ్మవచ్చు.

పాత పిలుపు ఎందుకు చచ్చింది

మళ్లీ నేర్పడం కొత్తగా నేర్పడం కన్నా కష్టమనిపించేది పాత పిలుపుకు ఒక చరిత్ర ఉంటుంది కాబట్టి. పావ్‌లోవ్ కాలం నుంచి తెలిసిందే: గంట మోగి తిండి రాకపోతే గంట విలువ కరిగిపోతుంది. వర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ బౌటన్ దశాబ్దాల ప్రయోగాలతో దీనికి ఒక ముఖ్యమైన సవరణ చేశారు. కరిగిపోవడమంటే పాత పాఠం చెరిగిపోవడం కాదు. దాని పక్కనే ఇంకో పాఠం చేరడం. ఏది పైకి వస్తుందన్నది చోటును బట్టి, సందర్భాన్ని బట్టి ఉంటుంది. వంటగదిలోంచి పిలిస్తే వచ్చే కుక్క బాత్రూమ్ గుమ్మం నుంచి పిలిస్తే ఎందుకు రాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన ఇళ్లలో ఈ రెండో పాఠాన్ని చాలా శ్రద్ధగా నేర్పుతాం. స్నానానికి పిలుస్తాం. పిడుదులు తీయడానికి, మాత్ర మింగించడానికి, గోళ్లు కత్తిరించడానికి, పార్కు నుంచి ఇంటికి తీసుకుపోవడానికి అదే పేరు, అదే పిలుపు. కీళ్లనొప్పి మొదలయ్యాక వీటన్నిటినీ మించిన శిక్ష ఇంకొకటి చేరుతుంది: లేచి రావడమే నొప్పి. మనం ఏమీ చేయకపోయినా, పిలుపు వెంటనే నొప్పి వస్తోంది. పైగా ఇంట్లో నలుగురికి నాలుగు పిలుపులు. తాత ‘రారా’ అంటాడు, అమ్మ ‘దా’ అంటుంది, పిల్లలు ‘కమ్ హియర్’ అంటారు. ‘రా’ అన్న మాట అది రోజంతా మనుషుల మధ్య కూడా వింటూనే ఉంటుంది.

అందుకే శిక్షకులు ఎక్కువమంది ఇచ్చే సలహా సూటిగా ఉంటుంది: పాత పిలుపును బాగు చేయకండి, వదిలేయండి. ఇంట్లో ఎవరూ మరో పనికి వాడని ఒక కొత్త సంకేతం ఎంచుకోండి. అది చెవికి లోతుగా తగిలే మాట కావచ్చు, రెండు చప్పట్లు కావచ్చు, చెయ్యి ఊపడం కావచ్చు. ముసలి కుక్కకు ఈ మూడో దారి మేలు. నేపుల్స్ విశ్వవిద్యాలయ బృందం 2016లో చూపినదాని ప్రకారం శిక్షణ పొందిన కుక్కలు మాట కన్నా సైగకు తక్కువ తప్పులతో స్పందించాయి. మాటనూ సైగనూ కలిపి మొదలుపెడితే, రేపు చెవి పూర్తిగా మూసుకుపోయినా సైగ మిగులుతుంది.

పద్ధతుల తగువు

జర్మనీలో కోన్రాడ్ మోస్ట్ 1910లో రాసిన శిక్షణ గ్రంథం, అమెరికాలో విలియం కోహ్లర్ 1962లో రాసిన పుస్తకం గొలుసు లాగుడును, దిద్దుబాటును నమ్ముకున్నాయి. 1984లో కారెన్ ప్రయర్ పుస్తకం డాల్ఫిన్ల శిక్షణలో వాడే బహుమతి పద్ధతిని ఇళ్లలోకి తెచ్చింది. ఇప్పటి తగువు ప్రధానంగా కరెంటు షాక్ ఇచ్చే కాలర్ మీద. వేల్స్ 2010లోనే దాన్ని నిషేధించింది. పశువైద్య ప్రవర్తన నిపుణుల అమెరికా సంఘం 2021లో అన్ని కుక్కలకూ బహుమతి పద్ధతినే సిఫారసు చేసింది.

రీకాల్ విషయంలో సూటిగా పోల్చిన పని లింకన్ విశ్వవిద్యాలయానిదే. 63 కుక్కలను మూడు గుంపులు చేశారు: షాక్ కాలర్ వాడే శిక్షకులు, అదే శిక్షకులు కాలర్ లేకుండా, బహుమతి మీద ఆధారపడే వేరే శిక్షకులు. 2020లో అచ్చయిన విశ్లేషణలో కాలర్ వల్ల అదనపు లాభమేమీ తేలలేదు. పిలిచిన మొదటిసారికే స్పందించడంలో బహుమతి గుంపు మెరుగ్గా ఉంది. అవతలి పక్షం వాదించడానికి ఆధారం లేకపోలేదు. 2024లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం 19 కుక్కల మీద చేసిన ప్రయోగంలో, పరుగెత్తే ఎరను తరమడం ఆపించడంలో షాక్ కాలర్ త్వరగా పనిచేసింది, తిండితో ఆ గడువులో సాధ్యం కాలేదు. బహుమతి గుంపులకు పాఠం చెప్పిన తీరు సరైనది కాదని విమర్శకులు ఎత్తిచూపారు.

ముసలి కుక్క విషయంలో ఈ తగువు దాదాపు అక్కర్లేనిది. అరిజోనా ప్రయోగం ఒక పనిని ఆపించడం గురించి. మనకు కావలసింది ఒక పనిని మొదలుపెట్టించడం. రావడానికి ఇప్పటికే నొప్పిని ఖర్చుగా చెల్లిస్తున్న కుక్కకు, రాకపోవడానికి కూడా నొప్పి జోడిస్తే అది రెండు వైపులా ఇరుక్కుంటుంది. గొలుసు లాగుడుకు కూడా ఇదే వర్తిస్తుంది, పైగా మెడ వెన్ను అరిగిన వయసులో అది గాయం చేస్తుంది.

పాఠం ఎలా నడవాలి

మొదటి పని నేల మీద. నున్నటి టైల్స్, గ్రానైట్ మీద పాదం పట్టు దొరకని కుక్క నడకే మానుకుంటుంది. అది పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి గుమ్మం దాకా రబ్బరు మ్యాట్లో, జారని కాయిర్ పట్టాలో పరిస్తే పాఠంలో సగం అయినట్టే. పాదాల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తిరించాలి, గోళ్లు నేలకు తగలనంత పొట్టిగా ఉంచాలి.

రెండోది, సంకేతానికి విలువ కట్టడం. ఈ దశలో కుక్క నడవనక్కర్లేదు. అది ఉన్నచోటికే మనం వెళ్లి, చెయ్యి ఊపి, కొత్త మాట చెప్పి, వెంటనే ముక్కు ముందు ఉడికించిన చికెన్ తునక పెట్టాలి. రోజుకు కొన్నిసార్లు, కొన్నాళ్లు ఇంతే. సైగ చూడగానే దాని తల మన చేతి కోసం వెతికితే తర్వాతి మెట్టు ఎక్కవచ్చు. తునక చిటికెన వేలి గోరంత చాలు. ఉడికిన గుడ్డు, పనీర్, ఉప్పూ కారం లేని లివర్ పనికొస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, చాక్లెట్, జైలిటాల్ కలిసిన తీపి వస్తువులు విషం. ఈ తిళ్లన్నీ కలిపి రోజు ఆహారంలో పదో వంతు దాటకూడదు, ఆ మేరకు అన్నం తగ్గించాలి.

మూడోది అడుగులు. పడుకున్న కుక్కను పిలవకూడదు. అది తనంతట తాను లేచి, మొదటి బిగువు వదిలి, నడుస్తున్నప్పుడు రెండు మూడడుగుల దూరం నుంచి పిలవాలి. అది ఏ వైపు నడుస్తోందో ఆ వైపునే మనం ఉండాలి, వెనక్కి తిప్పితే తుంటి మీద భారం. వచ్చాక కూర్చోమనకూడదు. చాలామంది రీకాల్ చివర ‘సిట్’ పెడతారు. తుంటి, మోకాలు నొప్పి ఉన్న కుక్కకు అది వచ్చినందుకు జరిమానా అవుతుంది. దానికి బదులు మన అరచేతికి ముక్కు తాకించడం ముగింపుగా పెట్టుకోవచ్చు. తిండి దాని ముక్కు ఎత్తులోనే అందించాలి, నేల మీదికి విసిరితే మెడ వంచాలి, జారాలి. మీది నుంచి మెడ పట్టీ గబుక్కున పట్టుకోవడం కూడా మానాలి. ఛాతీకి తొడిగే హార్నెస్‌ను పక్క నుంచి తాకి, తాకిన ప్రతిసారీ తినిపిస్తే రేపు అవసరంలో పట్టుకోనిస్తుంది.

ఒకసారికి ఐదారు పిలుపులు చాలు, అది ఇంకా ఉత్సాహంగా ఉండగానే ఆపేయాలి. ఒకసారి పిలిచి ఆగాలి. వరసగా పిలిస్తే మొదటి పిలుపుకు విలువ లేదని నేర్పినట్టే. ముసలి కుక్క మెదడు సంకేతాన్ని అందుకుని ఒంటిని కదిలించడానికి సమయం పడుతుంది కాబట్టి, పడుచు కుక్కకిచ్చే గడువు దానికి చాలదు. వచ్చిన తర్వాత అది చేస్తున్న పనికి మళ్లీ పంపించేయడం కూడా జీతమే. డేవిడ్ ప్రెమాక్ 1959లో చెప్పిన సూత్రం ఇదే: ఇష్టమైన పని చేయనివ్వడం ఇంకో పనికి బహుమతి అవుతుంది. గేటు దగ్గర వాసన చూస్తున్న కుక్కను పిలిచి, తునక పెట్టి, మళ్లీ అదే వాసనకు వదిలితే తర్వాతి పిలుపు తేలికవుతుంది. స్నానం, మాత్ర, గోళ్లు వంటి పనులకు మాత్రం పిలవకుండా మనమే వెళ్లాలి.

నాలుగోది, ఎక్కువమంది వదిలేసేది: రావడంతో పాటు ఆగడం కూడా నేర్పాలి. సైగ చూసి ఉన్నచోటే నిలబడితే మనం నడిచి వెళ్లి దానికి తినిపిస్తాం. పార్కింగ్ సెల్లార్‌లో కారు వెనక్కి వస్తున్నప్పుడు, కుంటుతూ మన వైపు రావడం కన్నా ఆగిపోవడం దాని ప్రాణానికి మంచిది. రీకాల్ ఉద్దేశం కుక్కా మనిషీ ఒకచోట చేరడమైతే, నడవగలిగినవారు నడవడంలో ఓటమేమీ లేదు.

చెవీ కన్నూ కాళ్లూ లేనప్పుడు

చెవిటి కుక్కకు సైగ చాలు, కానీ అది మన వైపు చూడాలి. రాత్రిళ్లు వరండా దీపం ఆర్పి వెలిగించడం, చెక్క నేలైతే కాలితో తట్టడం, షాక్ ఇవ్వకుండా వణికే కాలర్ వాడటం ఆ చూపు కోసమే. వణుకు రాగానే తిండి అన్న పాఠం ముందు కుదిరాకే దాన్ని బయట వాడాలి. నిద్రపోతున్న చెవిటి కుక్కను తట్టి లేపితే ఉలిక్కిపడి కరవవచ్చు, ముక్కు ముందు తిండి ఉన్న చెయ్యి పెట్టి వాసనతో లేపడం మంచిది. చూపు పోయిన కుక్కకు ఒక్క పిలుపు చాలదు, అది చేరేదాకా మెల్లగా చప్పట్లు కొడుతూనే ఉండాలి, దారిలో సామాను జరపకూడదు. వెనక కాళ్లు పడిపోయి బండి కట్టిన కుక్క తిరగడానికి చోటు కావాలి, దాన్ని నేరుగా ఉన్న దారిలోనే పిలవాలి. బండి లేనప్పుడు పొట్ట కింద పాత తువ్వాలు వేసి నడుము ఎత్తి పట్టి, ఇంకొకరు రెండడుగుల దూరం నుంచి పిలవవచ్చు. మతి మసకబారిన కుక్క మూలలో ఇరుక్కుంటే పిలవడం దాన్ని ఇంకా గాభరా పెడుతుంది. వెళ్లి భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించాలి.

వీధిలో

పాశ్చాత్య పుస్తకాల్లో రీకాల్ గమ్యం గొలుసు లేకుండా తిరిగే స్వేచ్ఛ. హైదరాబాద్, విజయవాడ కాలనీల్లో ముసలి కుక్కకు ఆ గమ్యం పెట్టుకోకపోవడమే మంచిది. వీధికుక్కల గుంపు మీదికొస్తే అది పరుగెత్తలేదు, దీపావళి టపాకాయకు బెదిరితే వెనక్కి తిరిగి రాలేదు. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు అరికాళ్లు కాలుస్తుంది. ఆరుబయట సాధన చేయాలంటే తెల్లవారుజామున, ప్రహరీ ఉన్న చోట, హార్నెస్‌కు కట్టిన తేలికపాటి పొడవైన తాడుతో చేయాలి. ఆ తాడు వెనక కాళ్లకు చుట్టుకోకుండా చేతిలోనే ఉంచుకోవాలి. దీని వల్ల వచ్చే లాభం స్వేచ్ఛగా తిరగడం కాదు. గేటు తెరిచి ఉన్న ఒక్క రోజు, లిఫ్టు తలుపు మూసుకునే ఒక్క క్షణం, కారు కింద నీడలో పడుకుని ఉన్న ఒక్క సందర్భంలో అది మన మాటకు తల తిప్పుతుంది.

ఫలితాన్ని ఎలా కొలవాలన్నది చివరి ప్రశ్న. ఎంత దూరం నుంచి వచ్చిందన్న కొలత పడుచు కుక్కకు. ఇక్కడ చూడవలసినవి వేరు: పిలిచాక తల తిప్పడానికి ఎంతసేపు పట్టింది, తోక ఎలా ఉంది, లేచేటప్పుడు ఆగిందా, నిన్న వచ్చినది ఇవాళ ఎందుకు రాలేదు. ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు శిక్షణలో ఉండదు. బాగా వస్తున్న కుక్క వారం రోజులుగా రావడం తగ్గిస్తే, అది నొప్పి ముదిరిందని మన ఇంట్లో అందరికన్నా ముందు తెలిసే కబురు. ఆ కబురు అందాలంటే రాకపోవడాన్ని తప్పుగా లెక్కపెట్టే అలవాటు ముందు మనం మానుకోవాలి. ఆ తర్వాత వరుస స్పష్టమే: డాక్టరు, బరువు, నేల, సంకేతం, జీతం. శిక్షకుడి దగ్గరికి వెళ్లాలంటే వెళ్లవచ్చు, కానీ ఈ ఐదింటి తర్వాతే.